పిన్ను మారితే కరెంటు మారదు



మా మందిరములో జరిగిన ఒక పొరపాటును గూర్చి మీతో చెప్పుకోవాలని కూర్చున్నాము. పొరపాటు అని మెత్తగా అంటున్నాము గాని, నిజానికి అది మా తొందరపాటు. ఇది చదివి ఒక్క సంఘమైనా, ఒక్క కుటుంబమైనా అటువంటి నష్టము తప్పించుకొంటే, సిగ్గు విడిచి వ్రాసినందుకు మాకు తృప్తి.

మేము సేవ చేసే సంఘము చీరాలకు దగ్గరలోని ఒక పల్లెలో ఉన్నది. సగము ఇండ్లలో మగ్గములున్నవి. మిగిలినవారు పర్చూరు వైపు ప్రత్తి తీతలకు, మిరప కోతలకు కూలికి పోయేవారు. ఈ సంఘములో ఒక పెద్దయ్య ఉన్నారు. నలుబది ఏండ్లు గుంట మగ్గములో కాళ్లు పెట్టుకొని కూర్చొని కుమారుని చదివించారు. ఆ కుమారుడు ఇప్పుడు అమెరికాలో ఉద్యోగము చేస్తున్నాడు. కొన్నేండ్ల క్రితము డిసెంబరు నెలలో సెలవుకు వచ్చినప్పుడు, మందిరమునకు కానుకగా ఒక ఆంప్లిఫయరును, ఒక కీబోర్డును మోసుకొని వచ్చాడు. ఆంప్లిఫయరు ఇద్దరు పట్టి ఎత్తవలసినంత బరువు. దాని కోసము తన బట్టలు సగము అక్కడే వదిలి వచ్చానని నవ్వుతూ చెప్పాడు.

"అయ్యగారూ, అత్తగారి ఊరు పోయి పండుగ ముందు రోజు వస్తాను. వచ్చి నేనే బిగిస్తాను" అని చెప్పి వెళ్లాడు. మేము ఆగలేదు.

క్రిస్మస్ పాటలు నేర్చుకొనుటకు పిల్లలు చాపల మీద కూర్చున్నారు. అమెరికా పిన్నుకు రెండు చదునైన రేకులు, ఒక గుండ్రని ఎర్త్ కడ్డీ ఉంటాయి. మన గోడ బోర్డులో గుండ్రని రంధ్రములు. యౌవనస్థులు చీరాల వెళ్లి పిన్ను మార్చే అడాప్టరు ఒకటి కొని తెచ్చారు. పెట్టారు. స్విచ్చి వేశారు. టప్పుమని చిన్న శబ్దము వచ్చి దీపము ఆరిపోయింది. వెనుక చూస్తే ఫ్యూజు పోయింది. అప్పుడైనా ఆగవలసినది. "ఫ్యూజే గదా బాబూ, ఒక రాగి తీగ చుట్టి చూడు" అన్నది మేమే. ఈ మాట మేము ఎవరి మీదా వేయలేము.

రెండవసారి స్విచ్చి వేయగానే లోపలినుండి పెద్దగా రొద వచ్చింది. తరువాత వార్నీషు మాడిన వాసన, ఆ వెనుక పొగ. ఒక అబ్బాయి పరుగెత్తి మెయిను కట్టాడు. పిల్లలను బయటికి పంపాము. దేవుని దయవలన ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ సాయంత్రము పెద్దయ్య వచ్చారు. చేతిలో మడిచిన గుడ్డ ఒకటి. "అయ్యగారూ, పెట్టె మీద దుమ్ము పడకుండా ఇది కప్పండి. నేనే నేశాను" అన్నారు. మాకు నోట మాట రాలేదు. చివరకు జరిగినది చెప్పాము. ఆయన కొంతసేపు ఆ పెట్టె వైపు చూచి, "పిల్లలకేం కాలేదు గదా అయ్యగారూ?" అని మాత్రము అడిగారు.

మరునాడు పెద్దయ్యను వెంటబెట్టుకొని, పెట్టెను ఆటోలో వేసుకొని చీరాలలో మాకు తెలిసిన రేడియో మెకానిక్కు వద్దకు వెళ్లాము. ఆయన వాసన చూచే విషయము గ్రహించాడు. "పాస్టరు గారూ, మీరు పిన్ను మార్చారు గాని కరెంటు మార్చలేదండీ" అన్నాడు. తరువాత రాగి తీగను బయటికి లాగి చూపించాడు. "ఫ్యూజు పోయి మీకు ముందే చెప్పింది. దాని నోరు మీరే మూశారు." ఆ దినము ఆయన దగ్గర మేము నేర్చుకొన్నది మీకు చెబుతాము.

మన ఇండ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 సార్లు దిశ మారి తిరిగి వచ్చే కరెంటు. ఈ లెక్కను 50 హెర్ట్జ్ అంటారు. అమెరికాలోను, కెనడాలోను 120 వోల్టులు, 60 హెర్ట్జ్. వోల్టేజి అంటే నీటి ట్యాంకు ఎత్తువంటిది. ఎత్తు రెట్టింపైతే కుళాయిలో నీరు అంత జోరుగా వస్తుంది. 120 వోల్టులకు చేసిన ఇస్త్రీపెట్టెను 230కి తగిలిస్తే వేడి రెట్టింపు కాదు, మూడున్నర రెట్లు దాటుతుంది. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న ఆంప్లిఫయరు సంగతి మరీ కష్టము. దానిలోని ఇనుము కొంత అయస్కాంత శక్తినే పట్టగలదు. అది నిండిన తరువాత తీగలో కరెంటుకు అడ్డు ఉండదు. అందుకే క్షణములో మాడిపోతుంది.

ఒక్కొక్క దేశములో ఒక్కొక్క రకమెందుకని మేమడిగాము. దానికి చరిత్ర ఉన్నది. 1882లో ఎడిసన్ న్యూయార్కు నగరములో దీపములకు కరెంటు ఇచ్చినప్పుడు ఆనాటి బల్బులకు సరిపడేట్లు సుమారు 110 వోల్టులు ఇచ్చాడు. తరువాత కరెంటు రకము మారినా, అప్పటికే ఇండ్లలో ఉన్న బల్బుల కోసము వోల్టేజి ఆ దరిదాపులలోనే నిలిచింది. ఐరోపా దేశములు తరువాత 220కి వెళ్లినవి. వోల్టేజి రెట్టింపైతే అదే పనికి కరెంటు సగము చాలును, సన్నని రాగి తీగతో సరిపోతుంది. మన దేశము బ్రిటిషువారి పద్ధతిలో నడిచింది. జపానులో 100 వోల్టులే. అందులోను టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. 1890 ప్రాంతములలో ఒకరు జర్మనీ యంత్రములను, మరొకరు అమెరికా యంత్రములను కొన్నందువలన ఒకే దేశములో ఆ తేడా నేటివరకు ఉండిపోయింది.

మన సంఘములకు ఇది దూరపు సంగతి కాదు. 1842లో హయ్యరు దొరగారు అమెరికానుండి గుంటూరు వచ్చిన నాటినుండి ఆ దేశముతో మనకు రాకపోకలున్నవి. ఆనాడు అక్కడివారు ఇక్కడికి వచ్చారు. ఈనాడు మన బిడ్డలు అక్కడికి పోయి, వచ్చేటప్పుడు ప్రేమతో వస్తువులు తెస్తున్నారు. గల్ఫు దేశములకు పోయినవారి సంగతి కూడా చూచుకోవాలి. కువైట్‌లో 240 వోల్టులు, 50 హెర్ట్జ్ గనుక అక్కడి వస్తువులు ఇక్కడ నడుస్తాయి. సౌదీలో చాలాకాలము ఇండ్లలో 127 వోల్టులు, 60 హెర్ట్జ్ ఉండేది. అక్కడినుండి వచ్చిన పాత టేపురికార్డరును చూడకుండా తగిలించకూడదు. ఇంగ్లాండు, ఆస్ట్రేలియా, సింగపూరు వస్తువులకు పిన్ను మారిస్తే సాధారణముగా చాలును.

కాబట్టి మొదట చేయవలసిన పని ఒకటే. పెట్టె వెనుక అతికించిన చీటీని చదవాలి. ఇంగ్లీషు రానివారు బడిపిల్లవాని చేత చదివించుకోవచ్చును. చీటీని బట్టి వస్తువులు మూడు రకములు.

మొదటి రకము: చీటీ మీద 100 నుండి 240 వరకు, 50/60 హెర్ట్జ్ అని ఉంటుంది. సెల్‌ఫోను చార్జర్లు, లాప్‌టాప్ చార్జర్లు, ఈ కాలపు అనేక చిన్న వస్తువులు ఇటువంటివి. వీటికి పిన్ను మారిస్తే చాలును. మాకు వచ్చిన కీబోర్డు దాని అడాప్టరు వలననే నడిచేది. ఆ అడాప్టరు మాత్రము 120కే చేసినది. దానిని ఇంకా తగిలించలేదు గనుక కీబోర్డు బ్రదికింది. దానికి మార్గము సులువు. ఇక్కడి 230 వోల్టుల అడాప్టరును కొనుక్కోవాలి. అయితే మూడు సంగతులు కలవాలి. బయటికి ఇచ్చే వోల్టులు పాతదానితో సమానముగా ఉండాలి. ఆంపియర్లు సమానముగా గాని ఎక్కువగా గాని ఉండాలి. పిన్ను మధ్యభాగము ప్లస్సా, మైనస్సా అన్నది పాతదానివలెనే ఉండాలి. చివరిది చూడక కీబోర్డులు పాడుచేసుకొన్నవారున్నారు.

రెండవ రకము: వెనుక భాగమున 120, 230 అని రెండు గుర్తులున్న చిన్న స్విచ్చి ఉంటుంది. పిన్ను పెట్టకముందే స్క్రూడ్రైవరుతో దానిని 230 వైపుకు జరపాలి. ఫ్యూజు కూడా మార్చాలి. వోల్టేజి రెట్టింపైనప్పుడు కరెంటు సగమవుతుంది గనుక, అక్కడ 3 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే ఇక్కడ ఒకటిన్నర ఆంపియరు చాలును. పాత ఫ్యూజునే ఉంచితే, ఆపద వచ్చినప్పుడు అది వేళకు తెగదు.

మూడవ రకము: చీటీ మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటుంది. స్విచ్చి ఉండదు. మాది ఇటువంటిదే. దీనికి రెండు మార్గములున్నవి. బయట స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవడము ఒకటి, లోపలనే మార్పించుకోవడము మరొకటి.

స్టెప్‌డౌన్ కొనేటప్పుడు దుకాణదారుని అడగవలసినవి కొన్ని ఉన్నవి. ఆంప్లిఫయరు చీటీ మీద 200 వాట్లు అని ఉంటే, ట్రాన్స్‌ఫార్మరు 400 లేక 500 వాట్లది తీసుకోవాలి. సరిగ్గా 200ది కొంటే గంటసేపు ఆరాధనలో అది కాలిపోయేంత వేడెక్కుతుంది. ప్రయాణములలో జుట్టు ఆరబెట్టే యంత్రములకు వాడే తేలికపాటి కన్వర్టర్లు కొన్ని అమ్ముతారు. అవి పాటల పెట్టెలకు పనికిరావు. అవి కరెంటును ముక్కలుగా కోసి ఇస్తాయి గనుక రొద వస్తుంది, పెట్టె చెడుతుంది. మంచి స్టెప్‌డౌన్ చేతిలో బరువుగా ఉంటుంది.

అన్నిటికంటె ముఖ్యము ఎర్త్. చవకరకము స్టెప్‌డౌన్లలో బయటికి వచ్చే వైపు రెండు రంధ్రములే ఉంటాయి. అమెరికా పిన్నులోని మూడవ కడ్డీకి చోటు లేక కొందరు దానిని విరగగొడతారు. దయచేసి ఆ పని చేయవద్దు. ఒక పొరుగు సంఘములో అట్లే చేశారు. ఆదివారము ఉదయము నేల కడిగి ఇంకా ఆరలేదు. సండేస్కూలు పాప ఒకతె చెప్పులు లేకుండా నిలిచి మైకు పట్టుకోగానే కెవ్వుమని వదిలివేసింది. పెట్టెలో ఎక్కడో కరెంటు ఇనుప చట్రమునకు తగులుతున్నది. ఎర్త్ ఉంటే అది భూమిలోనికి పోయేది. లేనందున మైకు తీగ గుండా ఆ బిడ్డ ఒంటిలోనుండి పోజూచింది. పాపకు ప్రమాదము తప్పింది గాని, మైకు చూస్తే భయపడి చాలా దినములు పాడలేదు. మీ మందిరములో మైకు పట్టుకొన్నప్పుడు చిన్నగా జుమ్మన్నా సరే, పాట ఆపి, మెయిను కట్టి, ఎలక్ట్రీషియనును పిలవండి. గోడ బోర్డులో మూడవ రంధ్రము ఉన్నంత మాత్రాన వెనుక ఎర్త్ తీగ ఉన్నదని అనుకోవద్దు. దానిని కూడా పరీక్ష చేయించండి.

స్టెప్‌డౌన్లలో ఒకే చుట్టతో చేసినవి, రెండు వేరు చుట్టలతో చేసినవి అని రెండు విధములు. ఒకే చుట్టదానిలో మన లైను కరెంటుకు, పెట్టెకు నేరుగా సంబంధము ఉంటుంది. రెండు చుట్టలదానిలో తీగకు తీగ తగలదు. మైకు పట్టుకొని పాడే చోట రెండు చుట్టలది ఎంచుకోవడము మంచిది. ఖరీదు ఎక్కువే గాని పిల్లలకంటె ఎక్కువ కాదు.

ఇక లోపల మార్పించే సంగతి. కొన్ని ఆంప్లిఫయర్ల ట్రాన్స్‌ఫార్మరులో లైను వైపున 120 వోల్టుల చుట్టలు రెండు ఉంటాయి. అమెరికాలో ఆ రెండింటిని ప్రక్కప్రక్కన కలుపుతారు. మన దేశానికి ఒకదాని చివరకు మరొకదాని మొదలు కలిపితే 240కి సరిపోతుంది. మొదలు, చివర తారుమారైతే ఒకదాని శక్తిని మరొకటి చెరిపివేసి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. అందుకే తెలిసిన మెకానిక్కు మొదట నేరుగా లైనుకు తగిలించడు. మధ్యలో పాతకాలపు 100 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టి చూస్తాడు. బల్బు ఒకసారి మెరిసి మందగిస్తే సరిగా ఉన్నట్లు. పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే ఎక్కడో తప్పు ఉన్నట్లు. బల్బు ఆ భారమును తన మీద వేసికొని పెట్టెను కాపాడుతుంది. మీ వస్తువు బాగుచేసేవారు ఈ పరీక్ష చేస్తున్నారో లేదో చూడండి.

ఇంటివద్ద ఎవరూ ఆంప్లిఫయరు మూత విప్పకూడదు. పిన్ను తీసివేసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలువ ఉంటుంది. పాతకాలపు వాల్వు పెట్టెలలో అది ప్రాణము తీసేంత ఉండవచ్చును.

మా పెట్టెలో ఒకే చుట్ట ఉన్నది, అదీ మాడినది. మెకానిక్కు దానిని తిరిగి చుట్టించుటకు నిశ్చయించాడు. మాడిన తీగను విప్పుతూ చుట్లు లెక్కపెట్టారు. లెక్క సులువుగా ఉండుటకు ఇట్లు చెప్పుకొందాము. 120 వోల్టులకు 240 చుట్లు ఉంటే, 230 వోల్టులకు 460 చుట్లు కావాలి. చుట్లు రెట్టింపు దరిదాపులకు వచ్చినా కరెంటు సగమే గనుక సన్నని తీగ చాలును. అందువలన అదే చోటులో పట్టింది. పెద్దయ్య బల్ల మీద కూర్చొని ఆ చుట్టడము చూస్తూ, "ఇది మా కండెల పనే గదయ్యా! దారము బదులు రాగి" అన్నారు. ఆ మాటకు మెకానిక్కు నవ్వి, "అవును పెద్దాయనా, పోగు తెగకూడదు, లెక్క తప్పకూడదు" అన్నాడు. కుమారుడు పంపిన పెట్టె లోపల ఏమున్నదో ఆ దినము ఆ తండ్రికి అర్థమైనంతగా మాకు కూడా అర్థము కాలేదు. ఉబ్బిన కెపాసిటర్లు రెండు మార్చి, ఎర్త్ తీగతో మన పిన్ను బిగించి ఇచ్చారు.

60, 50 తేడా సంగతి మిగిలింది. కీబోర్డులకు, సీడీ పెట్టెలకు దీనివలన బాధ లేదు. గోడ కరెంటు లెక్కతోనే మోటారు తిరిగే పాత రికార్డు ప్లేయర్లకు మాత్రము ఉన్నది. నిమిషమునకు 33 చుట్లు పైచిలుకు తిరగవలసిన రికార్డు ఇక్కడ సుమారు 28 చుట్లే తిరుగుతుంది. పాట నెమ్మదించి, శ్రుతి కీబోర్డు మీద మూడు మెట్లు దిగిపోతుంది. కరెంటు లెక్కతో నడిచే అమెరికా గడియారపు రేడియో ప్రతి గంటకు పది నిమిషములు వెనుకబడుతుంది. స్టెప్‌డౌన్ పెట్టినా ఇది మారదు. అది వోల్టులను తగ్గిస్తుందే గాని హెర్ట్జ్‌ను మార్చదు. అటువంటి ప్లేయరుకు మోటారు కప్పీ గాని మోటారు గాని మార్చవలసినదే. 60కి చేసిన ట్రాన్స్‌ఫార్మరు 50 మీద కొంచెము ఎక్కువ వేడెక్కుతుంది. 120 కాకుండా 110 వోల్టులిచ్చే స్టెప్‌డౌన్ తీసుకొంటే ఆ భారము కొంత తగ్గుతుంది.

మన పల్లెలలో మరొక చిక్కు ఉన్నది. పొలాల మోటార్లన్నీ తిరిగే వేళ లైనులో వోల్టేజి పడిపోతుంది. అవి ఆగగానే పెరుగుతుంది. స్టెప్‌డౌన్ ఈ హెచ్చుతగ్గులను సరిచేయదు. 230 వచ్చినప్పుడు 115 ఇచ్చేది, 260 వచ్చినప్పుడు 130 ఇస్తుంది. కాబట్టి ముందు స్టెబిలైజరు, దాని తరువాత స్టెప్‌డౌన్ ఉండాలి. కూటములలో జనరేటరు వాడితే, అది నిలకడగా తిరిగి వోల్టేజి సరిచూచుకొన్న తరువాతనే ఆంప్లిఫయరు స్విచ్చి వేయాలి.

దూరదేశములలో ఉన్న మీ బిడ్డలకు ఈ మాట చేరవేయండి. వస్తువు కొనకముందే వెనుక చీటీని ఫోటో తీసి ఇంటికి పంపమనండి. 100 నుండి 240 వరకు నడిచేదైతే సంతోషముగా తెమ్మనండి. 120కి మాత్రమే అయితే, ఆ డబ్బుతో ఇక్కడనే కొంటే మరమ్మతు చేసేవారు, విడి భాగములు దొరుకుతాయి. ఇక తెచ్చిన వస్తువును పొందినవారు, తెచ్చినవారు వచ్చేవరకు ఆగడము నేర్చుకోవాలి.

ఆ సంవత్సరము క్రిస్మస్ పాటలు డోలకుతోను తాళములతోను పాడుకొన్నాము. ముందు రోజు రాత్రి ఆ కుమారుడు వచ్చినప్పుడు, తండ్రి చెప్పకముందే మేము చెప్పాము. "తప్పు నాదీ ఉంది అయ్యగారూ. వెళ్లేముందు ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది" అన్నాడు. ఫిబ్రవరిలో పెట్టె తిరిగి వచ్చింది. వెనుక పాత చీటీ మీద మెకానిక్కు కొత్త చీటీ అతికించాడు. 230 వోల్టులకు మార్చబడినది, ఫ్యూజు ఒకటిన్నర ఆంపియరు, తీగ చుట్టరాదు అని దాని మీద ఉన్నది. ఆ చివరి మాట మా కోసమే అని మాకు తెలుసు.

పెద్దయ్య నేసిన గుడ్డ ఇప్పుడు దాని మీదనే ఉన్నది. ఆరాధన మొదలుపెట్టే ముందు ఆయనే వచ్చి దానిని తీసి మడిచి ప్రక్కన పెడతారు. పెట్టె పని చేసేటప్పుడు గాలి తగలాలని మెకానిక్కు చెప్పిన మాట ఆయన మరచిపోలేదు.